పన్నెండు నిమిషాల దూరం

ఊరికే అయిపోయింది కదమ్మా, ఇంకేం కావాలి అని ఇప్పటికి నలుగురు అన్నారు. బండి ఊరికే వచ్చింది, సూదులు ఊరికే వేశారు, రక్తం ఊరికే ఎక్కిస్తున్నారు, ఇప్పుడు ఆ తలుపుల వెనక చేస్తున్న ఆపరేషన్ కూడా ఊరికేనట. బయట చేయించుకుంటే పొలం అమ్ముకోవాల్సి వచ్చేదట, పొలమంటూ ఉంటే కదా అమ్ముకోవడానికి. గిడ్డమ్మ నలుగురికీ తలూపింది. ఊపక చస్తుందా. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గది ముందు గోడకు వీపు ఆనించి, నాపబండల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆడమనిషికి తలూపడం తప్ప ఇంకేం పని ఉంటుంది. లోపల ఉన్నది కోడలు మహేశ్వరి. నాలుగింటికి తీసుకుపోయారు, గంటన్నర కావస్తోంది. బతుకుతుందా అని అడిగితే చూస్తున్నాం కదమ్మా అంటారు. చూస్తున్నారు, నిజమే, అబద్ధమెందుకు చెప్పాలి. తెల్ల కోటు వేసుకున్న చిన్న డాక్టరమ్మ మంచినీళ్ళు కూడా తాగకుండా రెండుసార్లు పరుగెత్తింది. రక్తం సంచి తెచ్చినతను మెట్ల మీద మెట్టు వదిలి మెట్టు ఎక్కి వచ్చాడు. ఒక్కరూ ఖాళీగా లేరు. తిడదామంటే తిట్టడానికి ఒక్క మనిషి దొరకడం లేదు.

చేతులు మండుతున్నాయి. నలభై రోజులు మిరపకాయలు కోసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు, కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా పనికిరావు, తుడుచుకుంటే ఇంకో రెండింతలు కారతాయి. అందుకని ముంజేత్తో తుడుచుకుంటోంది, చిన్నపిల్లలు ముక్కు తుడుచుకున్నట్టు. పక్కనే కూర్చున్న జులేఖా బీ అది చూసి తన పైట చెంగు ఇచ్చింది. జులేఖా బీది కర్నూలు పాతబస్తీ, కూతురు రిహానా పక్క వార్డులో కాన్పుకుంది, రెండు రోజులుగా ఇక్కడే పడుకుంటూ ఆసుపత్రిలో ఎక్కడ ఏముందో సొంతిల్లులా చెబుతోంది. "ఈ బన్ను తినక్కా, పొద్దున్నుంచి ఏం తినినావో ఏమో. అల్లా దయ, ఈ కాలంలో ఫోన్ చేస్తే బండి వస్తాది. మా అమ్మ కాలంలో ఏముండె? శుక్రియా చెప్పుకోవాల మనం, శానా చెప్పుకోవాల," అంది. గిడ్డమ్మ బన్ను తీసుకుంది, ఒడిలో పెట్టుకుంది, తినలేదు. శుక్రియా అంటే దండం అని ఆమెకు తెలుసు. దండం పెట్టడానికి చేతులు లేవవేమిటి?

మీ అమ్మ కాలమా, నా కాలంలో ఏముంది చెప్పు అనుకుంది. గిడ్డమ్మకు మొదటి కాన్పు వచ్చినప్పుడు ఎద్దులబండి మీద గడ్డి పరిచి పడుకోబెట్టారు, ఊరి నుంచి కోసిగికి వచ్చేసరికే పొద్దు వాలింది, అక్కడ ఎవరూ లేరని ఆదోనికి తిప్పారు, బండి చక్రం రాయెక్కిన ప్రతిసారీ కడుపులో బిడ్డ కాదు తన ప్రాణమే కదిలినట్టయ్యేది. ఆ బిడ్డ ఆదోని చూడలేదు. తరువాత కొడుకు జయరాజ్ ఎక్కడ పుట్టాడంటే, కొర్రచేనులో. అత్త కొడవలితో బొడ్డు కోసింది, వారం తిరక్కముందే గిడ్డమ్మ మళ్ళీ కలుపు తీసింది. అప్పుడు తిట్టడానికి మనుషులుండేవాళ్ళు. రోడ్డు వేయని వాళ్ళను తిట్టింది, డాక్టరును పంపని వాళ్ళను తిట్టింది, ఎద్దుల్ని తిట్టింది, దేవుణ్ణయితే పేరు పెట్టి తిట్టింది. ఏడ్చింది, మన్ను ఎత్తిపోసింది, ఎవరో ఒకరు తప్పు చేశారు కాబట్టి తను మాత్రం బతికి బట్టకట్టింది. ఇప్పుడు రోడ్డు ఉంది, బండి ఉంది, బండిలో గాలి గొట్టం ఉంది, డాక్టరమ్మ ఉంది, రక్తం ఉంది. లేనిదల్లా ఒక్క మాట. ఆ మాట లేనిది తన దగ్గర.

విశ్వాసమ్మ చెప్పనే చెప్పింది. ఊళ్ళో గర్భిణుల పేర్లు రాసుకుని మాత్రలిచ్చే ఆశా కార్యకర్త విశ్వాసమ్మ, సుగ్గికి పోయే ముందు రోజు ఇంటిముందు నిలబడి మరీ చెప్పింది. పశ్చిమాన వానలు మొహం చాటేస్తే ఊరికి ఊరే తాళాలు వేసుకుని తూర్పున కాలవ నీళ్ళున్న చోటికి పనులకు పోతుంది, దాన్నే వీళ్ళు సుగ్గి అంటారు. "గిడ్డక్కా, ఎనిమిదో నెల పడతాండాది పిల్లకు. ఈడ ఇడిచిపెట్టి పో. నొప్పులొస్తే బండి ఇంటికాడికొస్తాది, కాన్పయినాక మళ్ళీ ఇంటికాడే దించుతాది. ఊరు దాటితే ఎవరికి చెప్పుకుంటావు?" అంది. ఎవరి దగ్గర విడిచిపెట్టాలి విశ్వాసమ్మా, ఊళ్ళో మిగిలేది కళ్ళు కనిపించని ముసలోళ్ళూ కుక్కలూ, జయరాజ్ చూస్తే బెంగళూరులో సిమెంటు మోస్తున్నాడు, వయసు పిల్లను తాళం వేసిన వీధిలో ఒక్కదాన్నే పెట్టి పొమ్మంటావా అని గిడ్డమ్మ ఎదురు అడిగింది. అయినా కూర్చుని కాయలు ఏరే పనే కదా అని మనసులో అనుకున్న మాట విశ్వాసమ్మకు చెప్పలేదు. ఒక మనిషి కూలి ఎక్కువ వస్తుందని ఆశపడిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ గోడకు చెప్పుకుంటోంది.

తలుపు తెరుచుకుంది. ఎవరో వచ్చారు, గిడ్డమ్మ సగం లేచింది. ఆమె కోసం కాదు. మళ్ళీ కూర్చుంది. కూర్చుంటే నేల చల్లగా ఉంది, చేలో గుడిసె కింద నేల వెచ్చగా ఉండేది, మధ్యాహ్నం అయితే మరీ. ఆత్మకూరు దిక్కున ఎక్కడో ఆ చేను. ఎక్కడో అంటే ఎక్కడ? నలభై మందిని లారీలో ఎక్కించుకుని మేస్త్రీ లాల్ అహమ్మద్ తెల్లవారుజామున దించితే దిగారు. కట్టెలు పాతి, పట్టలు కప్పి గుడిసెలు వేసుకున్నారు. ఎదురుగా మిరపచేను, పక్కన కాలవ, దూరంగా నల్లమల కొండ. ఉప్పూ పప్పూ మేస్త్రీ బండి మీద తెచ్చి ఇచ్చేవాడు. చేను ఎవరిదంటే సావుకారిది. ఊరు ఏదంటే ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, అవసరమూ పడలేదు. కూలికి వచ్చినవాళ్ళకు ఊరి పేరుతో ఏం పని, వరస పేరు తెలిస్తే చాలు, ఈరోజు ఏ వరస కోయాలి, రేపు ఏ వరస కోయాలి. పోయిన ఏడు పోయిన ఊరి పేరు కూడా తెలియదు, అంతకు ముందు ఏడుదీ తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఎన్ని ఊళ్ళ నేల మీద వంగింది, ఒక్కదాని పేరూ నోట్లో లేదు. ఎవరైనా మీదే ఊరమ్మా అంటే కోసిగి కాడ అని చెప్పేది, అంతటితో అయిపోయేది.

ఈరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు మాత్రం అంతటితో అయిపోలేదు. ఉమ్మనీరు కాదు, రక్తం వచ్చింది, మహేశ్వరి పొట్ట బండరాయిలా గట్టిపడింది. గిడ్డమ్మ చిన్న ఫోన్‌లో మూడు అంకెలు నొక్కింది, అది మాత్రం తెలుసు, విశ్వాసమ్మ నేర్పింది. అటునుంచి ఒకమ్మాయి చక్కగా, నిదానంగా మాట్లాడింది. "ఎక్కడ ఉన్నారమ్మా మీరు?" "సేన్లో ఉండామమ్మా." "ఏ ఊరి చేను?" "మిరప సేను తల్లీ, సావుకారి సేను." "ఊరి పేరు చెప్పండి, మండలం చెప్పండి." గిడ్డమ్మ చుట్టూ చూసింది. చుట్టూ మిరప ఎర్రగా, కొండ నల్లగా, అంతే. ఫోన్ ఓబన్నకు ఇచ్చింది. ఆమె మొగుడు ఓబన్న ఊరంతా వినబడేంత గొంతు పెట్టి, "ఆత్మకూరు కాడప్పా, బిన్నే పంపించప్పా," అన్నాడు. ఆత్మకూరు చుట్టూ ఎన్ని పల్లెలు, ఎన్ని చేలు, ఎన్ని కాలవలు. మేస్త్రీకి చేస్తే ఫోన్ ఆపేసి ఉంది. శుక్రవారం, నమాజుకు పోయాడు, మసీదులో ఫోన్ ఆపుకోవడం తప్పెట్లా అవుతుంది. నలభై మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ కోసిగి దిక్కువాళ్ళే, అందరికీ ఇంటి పేర్లు తెలుసు, ముత్తాతల పేర్లు తెలుసు, కాళ్ళ కింద ఉన్న ఊరి పేరు ఒక్కరికీ తెలియదు.

అంత గోలలోనూ మహేశ్వరి నోరు విప్పి అరవలేదు. ఎందుకు అరుస్తుంది, బంగారం లాంటి కోడలు. పదో తరగతి చదివింది, అయినా ఇంత గర్వం లేదు. పెళ్ళయి మూడేళ్ళు, మామ వినేలా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఓబన్న వస్తే నెత్తిన కొంగు వేసుకుని పక్కకు తప్పుకుంటుంది, ఏదైనా చెప్పాల్సి ఉంటే గిడ్డమ్మ చెవిలో చెబుతుంది, గిడ్డమ్మ ఓబన్నకు చెబుతుంది. కోడలంటే అట్లుండాల అని వీధంతా మెచ్చుకుంటే గిడ్డమ్మ తలెత్తుకుని తిరిగింది. తను కూడా అత్తగారింట్లో అట్లాగే నోరు కట్టుకుని బతికింది కాబట్టి అది తేలికేం కాదని ఆమెకు తెలుసు, అందుకే మరీ ముచ్చటపడింది. గుడిసెలో పిల్లను ఆడవాళ్ళు ముగ్గురు పట్టుకున్నారు, మగవాళ్ళు ఇరవై అడుగుల అవతల, ఫోన్ అక్కడ. మధ్యలో గిడ్డమ్మ ఇటూ అటూ తిరిగింది. పట్ట సందులోంచి అత్తా అని వినబడింది. పోయింది. చెయ్యి పట్టుకుంది. పిల్ల పెదాలు కదిలాయి. "ఓర్చుకో తల్లీ, గట్టిగా అరవొద్దు, మామ బయటే ఉండాడు," అని కొంగు మడిచి పళ్ళ మధ్య పెట్టి మళ్ళీ ఫోన్ దగ్గరికి ఉరికింది. ఇంకోసారి కూడా అత్తా అంది. వస్తాండా అని చెప్పింది. పోలేదు. అటు బండివాళ్ళు లైనులోకి వచ్చారు మరి.

బండి తోలే అక్రమ్ అనే అబ్బాయి గొంతు అది. "అమ్మా, మేము ఆత్మకూరు రోడ్డులోనే ఉండాం, ఏ పక్కకు తిప్పాల్నో చెప్పండి చాలు. ఏం కనపడతాండాది? గుడి ఉండాదా? బడి ఉండాదా?" కొండ ఉండాది అంది గిడ్డమ్మ. వాడు తిట్టలేదు. గంటసేపు ఏ కాలవ దగ్గరికి పోతే ఆ కాలవ దగ్గర హారన్ కొట్టి, వినపడిందా అమ్మా, ఇప్పుడు వినపడిందా అని అడుగుతూనే ఉన్నాడు. ఆఖరుకు, "ఎవరినన్నా ఒకరిని రోడ్డు మీదికి పరుగెత్తించండి, ఏ బండొచ్చినా ఆపి ఫోన్ వాళ్ళ చేతికియ్యండి," అన్నాడు. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు, వచ్చినా ఊరుగాని ఊళ్ళో దారిన పోయేవాళ్ళను ఆపే ధైర్యం లేదు. తోటి కూలి ఈరక్క చెప్పులు కూడా లేకుండా పరుగెత్తి రోడ్డు నడుమ చేతులు చాపి నిలబడింది. పాల క్యాన్లు కట్టుకున్న మోటారుసైకిలు ఆయన ఆగాడు. ఫోన్ తీసుకుని, "చింతరాయిపల్లె అప్పా, కాలవ గట్టు మింద రా," అని ఒక్క ముక్క చెప్పి పోయాడు. పన్నెండు నిమిషాల్లో బండి వచ్చింది.

పన్నెండు నిమిషాలు. తాంబూలం వేసుకుని ఉమ్మేసేంత సేపు. గంటా పది నిమిషాలు ఆ బండి పన్నెండు నిమిషాల దూరంలోనే తిరిగింది. లోపల ఉన్న శివజ్యోతి అనే పిల్ల, మహేశ్వరి కంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో, బురదలో మోకాలిలోతు దిగి వచ్చి పేషెంటును ఎత్తించింది. దారిలోనే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. శివజ్యోతి ఆ పసిదాని రొమ్ము మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కుతూనే ఉంది, నోట్లో గాలి ఊదుతూనే ఉంది, ఆత్మకూరు వచ్చేదాకా ఆపలేదు. గిడ్డమ్మ చాలమ్మా అన్నాక కూడా ఆపలేదు. ఆత్మకూరులో సెలైన్ పెట్టి, ఇక్కడ కాదు కర్నూలే అన్నారు, అదే బండి కర్నూలుకు పరుగెత్తింది. ఇక్కడ దించాక శివజ్యోతి ఒక కాగితం తెచ్చి, "మీరు ఫోన్ చేసింది పన్నెండున్నరకు, ఊరు తెలిసింది ఒకటీ నలభైకి, మేము వచ్చింది ఒకటీ యాభైరెండుకు. ఉండేది ఉన్నట్టు రాసినానమ్మా, వేలిముద్ర ఎయ్యి," అంది. చెప్పి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. గిడ్డమ్మ వేసింది. కిందికి వచ్చేసరికి అక్రమ్ బకెట్‌తో బండిలో రక్తం కడుగుతున్నాడు. వాడి కాళ్ళు పట్టుకోవాలని పోయింది. దగ్గరికి పోయాక, ఇంత దగ్గర్లో ఉండి ఎందుకు రాలేదురా అని చొక్కా పట్టుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. "ఇంగో కాల్ వచ్చిందమ్మా, పోతాండాం. మీ కోడలికి బాగయితాది," అని వాడు తడి బండే వేసుకుని పోయాడు.

వాడు మంచివాడు. ఆ పిల్ల మంచిది. ఫోన్‌లో అమ్మాయి మంచిది, డాక్టరమ్మ మంచిది. ఇంతమంది మంచివాళ్ళను ఒక్కరోజులో చూడలేదు గిడ్డమ్మ, ఒక్కొక్కరి మంచితనమూ ఒక్కొక్క చెంపదెబ్బలా ఉంది. ఎద్దులబండి రోజుల్లో పోయిన బిడ్డ కరువుకు పోయింది, దూరానికి పోయింది. ఈ బిడ్డ దేనికి పోయింది? కింద సైకిల్ స్టాండు పక్కన ఓబన్న తెల్లగుడ్డ మూటను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా తొక్కుతారేమోనని కాళ్ళు దగ్గరికి ముడుచుకుని. జయరాజ్‌కు ఫోన్ చేసి బిడ్డ పోయింది అని మాత్రం చెప్పాడు, ఎట్లా పోయిందో చెప్పలేదు. దండం పెట్టుకోవాలంట. పెట్టుకుంటాను లెండి, మీ అందరికీ పెట్టుకుంటాను, వరసగా నిలబడండి. మీకు పెట్టిన ప్రతి దండమూ, మీరు రాగలిగినా మేమే పిలుచుకోలేకపోయాం అని ఒప్పుకున్నట్టే కదా. ఆ ఒప్పుకోవడమే ఈ మండే చేతుల్ని కదలనీయడం లేదు. పిల్ల బతకనీ, ముందు పిల్ల బతకనీ, అప్పుడు ఆసుపత్రి మెట్టు మెట్టుకూ మొక్కుతాను.

"మహేశ్వరి వాళ్ళు ఎవరు?" అని డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది. జులేఖా బీ చేయి పట్టి లేపకపోతే గిడ్డమ్మ లేచేది కాదు. ప్రాణానికి భయం లేదమ్మా, రక్తం ఆగలేదు, గర్భసంచి తీసేయాల్సి వచ్చింది, ఇంక పిల్లలు పుట్టరు, ఇంకో గంట ఆగి ఉంటే తల్లీ దక్కేది కాదు అంది డాక్టరమ్మ, ఆమె గొంతు కూడా అలిసిపోయి ఉంది. గిడ్డమ్మ ఈసారి చేతులు జోడించింది, అవి వాటంతటవే కలిశాయి. జులేఖా బీ వెనకనుంచి శుకర్ శుకర్ అంటోంది. బతికింది, అంతే, మిగతాది తరువాత ఏడుద్దాం అనుకుంది.

ఆ తరువాత ఒక్కరినే లోపలికి పంపారు. మహేశ్వరి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచి గిడ్డమ్మ వెనక చూసింది, చేతుల్లో చూసింది. చేతుల్లో ఏమీ లేదు. కళ్ళు మూసుకుంటే రెండు పక్కలా నీళ్ళు కారాయి. గిడ్డమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఎప్పటికైనా చెప్పాల్సిందే, ఓబన్న చెప్పడు, మేస్త్రీ చెప్పడు.

"బండోళ్ళ తప్పు ల్యా తల్లీ. మాదే. మనముండే ఊరి పేరు మాకు ఎవరికీ తెలీకపాయె. గంటపైన సెప్పలేకపోతిమి," అంది.

"చింతరాయిపల్లె," అంది మహేశ్వరి.

గొంతు సరిగా పెగల్లేదు కానీ పేరు స్పష్టంగా వినబడింది. గిడ్డమ్మ మంచం పట్టె వదిలేసింది. "నీకెట్ల తెలుసు?"

"లారీలో వచ్చిన దినమే దోవలో బడిగోడ మింద సదివినా." కోపం లేదు ఆ మాటలో, కోపం ఉన్నా బాగుండేది. "ఆ పేరు సెప్దామనే పిలిస్తి అత్తా. రెండుతూర్లు పిలిస్తి."

పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తున్న నర్సు ఇటు తిరిగింది. "పేషెంట్‌ను మాట్లాడించొద్దు పెద్దమ్మా, కుట్లు పచ్చిగా ఉండాయి."

"మాట్లాడనీ తల్లీ," అంది గిడ్డమ్మ, కోడలి మీదికి వంగి, చెవి ఆ ఎండిన పెదాలకు ఆనించి. "మాట్లాడనీ."